పాఠం 12 : పట్టణంలో క్షేత్ర అధ్యయనం – తిరుపతి వీధులు, దుకాణాలు, పర్యాటక ప్రభావాలు

విషయక్రమం

12.0 ఉద్దేశాలు
12.1 పరిచయం
12.2 అధ్యయన ప్రాంతం : తిరుపతి
12.3 ప్రశ్న, పరికల్పన
12.4 బయలుదేరే ముందు చేయవలసిన పనులు
12.5 దుకాణాల లెక్క
12.6 కేంద్ర వ్యాపార మండలాన్ని గుర్తించడం
12.7 పాదచారుల లెక్క, ప్రశ్నావళి
12.8 పర్యాటక ప్రభావాలను అంచనా వేయడం
12.9 నివేదిక రచన
12.10 సారాంశం
12.11 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – జవాబులు
12.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

12.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :

– క్షేత్ర అధ్యయనానికి తగిన ప్రశ్నను, పరికల్పనను రూపొందించుకోగలుగుతారు;
– ఒక వీధిలోని దుకాణాలను వర్గీకరించి, లెక్కించి, ఫలితాన్ని విశ్లేషించగలుగుతారు;
– కేంద్ర వ్యాపార మండలం సరిహద్దును గుర్తించే పద్ధతిని వివరించగలుగుతారు;
– పర్యాటకం వల్ల ఒక పట్టణానికి కలిగే లాభనష్టాలు ఎవరెవరికి ఎంతెంత చేరుతున్నాయో పరిశీలించగలుగుతారు.

12.1 పరిచయం

గత పాఠాలలో పట్టణాల అంతర్నిర్మాణ నమూనాలను, కేంద్ర స్థాన సిద్ధాంతాన్ని చదివారు. ఆ సిద్ధాంతాలన్నీ ఎవరో ఒకరు ఒక నిజమైన ప్రాంతాన్ని పట్టుకొని పరిశీలించడం వల్ల వచ్చినవే. బర్జెస్ 1925లో ప్రతిపాదించిన ఏకకేంద్ర వలయాల నమూనాకు చికాగో నగరం ఆధారం. క్రిస్టాలర్ 1933లో ప్రకటించిన కేంద్ర స్థాన సిద్ధాంతానికి దక్షిణ జర్మనీ పట్టణాలు ఆధారం. ఏ ఊరు ఎంత ముఖ్యమైన కేంద్రమో తేల్చడానికి క్రిస్టాలర్ ఎంచుకున్న కొలబద్ద చాలా మామూలుది. ఆయన ఆ ఊళ్ళలోని టెలిఫోన్లను లెక్కపెట్టాడు. సరైన ప్రశ్న ఉంటే మామూలు వస్తువుల లెక్క కూడా పెద్ద విషయం చెబుతుందని దీనివల్ల తెలుస్తుంది. ఈ పాఠంలో మనం లెక్కపెట్టబోయేది దుకాణాలను.

రెగ్యులర్ కళాశాల విద్యార్థులు అధ్యాపకుని వెంట బృందంగా క్షేత్ర పర్యటనకు వెళతారు. దూరవిద్యలో చదివే మీకు ఆ సౌకర్యం ఉండకపోవచ్చు. మీకు దొరికేది ఒక ఆదివారం, లేదా పని ముగిసిన తరువాత రెండు సాయంత్రాలు. అయితే వారికి లేని అవకాశం ఒకటి మీకు ఉంది. మీరు అధ్యయనం చేసే ఊళ్ళోనే నివసిస్తున్నారు. ఏ వీధి ఏ వేళ రద్దీగా ఉంటుందో, ఏ దుకాణం నిన్నమొన్నటి వరకు ఇల్లుగా ఉండేదో మీకు తెలుసు. ఆ తెలివిడిని ఇతరులు సరిచూసుకోగల సాక్ష్యంగా మార్చడమే క్షేత్ర అధ్యయనం.

ఈ పాఠంలో తిరుపతిని ఉదాహరణగా తీసుకున్నాం. ఇదే పద్ధతిని భద్రాచలం, శ్రీశైలం, యాదగిరిగుట్ట, వేములవాడ, అరకు వంటి ఏ యాత్రాస్థలానికైనా, పర్యాటక కేంద్రానికైనా అన్వయించుకోవచ్చు.

12.2 అధ్యయన ప్రాంతం : తిరుపతి

తిరుపతి శేషాచలం కొండల పాదాన ఉన్న పట్టణం. కొండపైన తిరుమలలో శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. కొండ కింద గోవిందరాజస్వామి ఆలయం, దాని చుట్టూ ఉన్న మాడ వీధులు పాత పట్టణానికి కేంద్రం. రైల్వే స్టేషను ఈ ఆలయానికి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలో ఉంది. కొండ ఎక్కే నడక దారి, ఘాట్ రోడ్డు మొదలయ్యే అలిపిరి పట్టణానికి ఉత్తరపు కొసన ఉంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చాయి. అంతకు ముందు నడిచి గాని, డోలీలలో గాని కొండ ఎక్కిన యాత్రికులు ఆ తరువాత బస్సులలో వెళ్ళసాగారు. దానితో యాత్రికుల సంఖ్య పెరిగింది, వారు పట్టణంలో గడిపే సమయమూ మారింది.

తిరుపతి 1886లో పురపాలక సంఘంగా, 2007లో నగరపాలక సంస్థగా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడటంతో జిల్లా కేంద్రమైంది. 2011 జనగణన ప్రకారం నగరపాలక సంస్థ జనాభా సుమారు 2.87 లక్షలు. తిరుమలలో సాధారణ దినాలలో అరవై, డెబ్బై వేల మంది దర్శనం చేసుకుంటారు. అంటే పట్టణంలో నివసించే ప్రతి నలుగురికి సుమారు ఒక యాత్రికుని చొప్పున ప్రతిరోజూ ఈ ప్రాంతానికి వస్తున్నారన్నమాట. అయితే ఈ నిష్పత్తిని జాగ్రత్తగా వాడాలి. చాలామంది వాహనాలలో నేరుగా కొండపైకి వెళ్ళి, అలాగే తిరిగి పోతారు. వారిలో ఎందరు తిరుపతిలో ఆగుతారు, ఏం కొంటారు అన్నది ఈ అంకెలు చెప్పవు. క్షేత్ర అధ్యయనం అవసరమయ్యేది ఇక్కడే.

తిరుపతిని కేవలం యాత్రాస్థలంగా చూడటం కూడా పొరపాటే. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడ్డాయి. ఐఐటి, ఐసర్ వంటి జాతీయ సంస్థలు 2015లో వచ్చాయి. పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. అంటే ఈ పట్టణానికి విద్య, వైద్యం, పరిపాలన, వ్యాపారం అనే విధులు కూడా ఉన్నాయి. ఒక వీధిలో దుకాణం కనిపిస్తే అది వీటిలో దేనివల్ల వచ్చిందో ముందే ఊహించుకోరాదు.

12.3 ప్రశ్న, పరికల్పన

‘తిరుపతిలో పర్యాటకం’ అనేది ఒక శీర్షిక మాత్రమే, ప్రశ్న కాదు. క్షేత్రంలో సమాధానం దొరికే విధంగా ప్రశ్నను కుదించుకోవాలి. ఉదాహరణకు :

‘తిరుపతి వ్యాపార వీధులు ఎవరి అవసరాలు తీరుస్తున్నాయి – యాత్రికులవా, పట్టణవాసులవా?’

ఈ ప్రశ్న నుంచి పరికల్పనను రూపొందించాలి. పరిశీలనలో నిజమని గాని, కాదని గాని తేలగల వాక్యమే పరికల్పన. పై ప్రశ్నకు ఒక పరికల్పన ఇలా ఉండవచ్చు :

‘రైల్వే స్టేషను నుంచి దూరం పెరిగే కొద్దీ యాత్రికులపై ఆధారపడిన దుకాణాల శాతం తగ్గుతుంది.’

ఈ వాక్యంలో కొలవదగినవి రెండు ఉన్నాయి : దూరం, శాతం. ‘పర్యాటకం వల్ల తిరుపతి బాగా అభివృద్ధి చెందింది’ అన్న వాక్యంలో కొలవదగినది ఏదీ లేదు. ‘బాగా’ అంటే ఎంత? ‘అభివృద్ధి’ అంటే ఎవరిది? ఈ రెండింటికీ జవాబు లేని వాక్యం పరికల్పన కాజాలదు.

12.4 బయలుదేరే ముందు చేయవలసిన పనులు

(అ) ద్వితీయ దత్తాంశ సేకరణ : జనగణన పట్టికలు, నగరపాలక సంస్థ వార్డు పటం, భారత సర్వేక్షణ సంస్థ 1:50,000 స్కేలు టోపోషీటు చూడాలి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల 2011 అంకెలపై ఆధారపడవలసి వస్తుంది. ఆ తరువాత పట్టణం పెరిగిందన్న సంగతిని నివేదికలో తప్పక పేర్కొనాలి.

(ఆ) ఆధార పటం : టోపోషీటు స్కేలులో వీధిలోని దుకాణాలు కనిపించవు. కాబట్టి మీరు ఎంచుకున్న వీధికి ఒక పెద్ద స్కేలు చిత్తు పటాన్ని స్వయంగా గీసుకోవాలి. కూడళ్ళు, సందులు, గుడులు, సత్రాలు గుర్తించి పెట్టుకుంటే దుకాణాలను వాటి స్థానాలలో నింపడం సులభమవుతుంది.

(ఇ) ప్రయోగాత్మక పరిశీలన : అసలు రోజుకు ముందు ఒక అరగంట వీధిలో నడిచి, పది దుకాణాలను వర్గీకరించి చూడాలి. ఏ వర్గంలోనూ ఇమడని దుకాణాలు అప్పుడే బయటపడతాయి.

(ఈ) అనుమతి, మర్యాద : ఎవరినైనా ప్రశ్నించే ముందు మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. ఇష్టం లేదన్నవారిని ఒత్తిడి చేయరాదు. పేర్లు, ఫోను నంబర్లు వ్రాసుకోనవసరం లేదు. ఆలయాలలో, రైల్వే స్టేషనులో ఫోటోలకు సంబంధించిన నిబంధనలను పాటించాలి. బేరం నడుస్తున్నప్పుడు దుకాణదారుని పలకరించకుండా కొనుగోలుదారు వెళ్ళే వరకు ఆగాలి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
> 1. పరికల్పన అంటే ఏమిటి?
> 2. దుకాణాల లెక్కకు 1:50,000 స్కేలు టోపోషీటు ఎందుకు చాలదు?

12.5 దుకాణాల లెక్క

వీధికి రెండు వైపులా నడుస్తూ ప్రతి దుకాణాన్ని పటంలో గుర్తించి, మూడు వర్గాలలో ఒకదానిలో చేర్చాలి.

1. యాత్రికులపై ఆధారపడినవి : లాడ్జీలు, దేవుని పటాలు, పూజా సామగ్రి, బొమ్మలు అమ్మేవి, ట్రావెల్ ఏజెన్సీలు, సామాన్లు భద్రపరిచే గదులు.
2. పట్టణవాసులపై ఆధారపడినవి : కిరాణా, కూరగాయలు, హార్డ్‌వేర్, పాఠ్యపుస్తకాలు, దర్జీ, సైకిలు మరమ్మతు.
3. ఉభయులపై ఆధారపడినవి : టీ దుకాణాలు, హోటళ్ళు, మందుల దుకాణాలు, మొబైలు రీచార్జి, బట్టల దుకాణాలు.

మూడవ వర్గం అన్నింటికన్నా చిక్కు పెడుతుంది. మందుల దుకాణం స్టేషను ఎదుట ఉంటే యాత్రికులు ఎక్కువ కావచ్చు, ఆసుపత్రి ఎదుట ఉంటే పట్టణవాసులో, చుట్టుపక్కల పల్లెల వారో ఎక్కువ కావచ్చు. పైకి చూసి నిర్ణయించలేనప్పుడు దుకాణదారునే అడగాలి. ‘మీకు బాగా అమ్మకాలు జరిగే రోజులు ఏవి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు అన్నవారి వ్యాపారం యాత్రికులతో ముడిపడి ఉంది. నెల మొదటి వారం, సంక్రాంతి ముందు రోజులు అన్నవారిది పట్టణవాసులతో ముడిపడి ఉంది.

దత్తాంశాన్ని విశ్లేషించే విధానం చూపడానికి కింది పట్టిక ఇస్తున్నాం. ఇవి అభ్యాసం కోసం ఊహించిన అంకెలు. ఏ వీధికీ చెందినవి కావు. స్టేషను వద్ద మొదలై కొండ పాదం వద్ద ముగిసే ఒక రోడ్డును నాలుగు సమాన భాగాలు చేశామనుకుందాం.

| రోడ్డు భాగం | మొత్తం దుకాణాలు | యాత్రికులవి | ఉభయులవి | పట్టణవాసులవి | యాత్రిక దుకాణాల శాతం |
|---|---|---|---|---|---|
| 1 (స్టేషను వైపు) | 60 | 33 | 18 | 9 | 55 |
| 2 | 50 | 15 | 15 | 20 | 30 |
| 3 | 40 | 4 | 10 | 26 | 10 |
| 4 (కొండ వైపు) | 30 | 18 | 6 | 6 | 60 |

మొదటి మూడు భాగాలలో శాతం 55 నుంచి 10కి తగ్గింది. పరికల్పన నిజమేననిపిస్తుంది. నాలుగవ భాగంలో అది ఒక్కసారిగా 60కి పెరిగింది. అంటే మన పరికల్పన పూర్తిగా నిలవలేదు.

ఇటువంటి ఫలితం వచ్చినప్పుడు చాలామంది విద్యార్థులు తమ అధ్యయనం విఫలమైందని భావించి నాలుగవ భాగాన్ని వదిలివేస్తారు. అలా చేయరాదు. ఈ అధ్యయనం కనుగొన్న ముఖ్య విషయం ఆ నాలుగవ వరుసే. యాత్రికులను ఆకర్షించే కేంద్రం ఒకటి కాదు, రెండు ఉన్నాయని అది చెబుతోంది. స్టేషను వద్ద దిగేవారు ఒక కేంద్రాన్ని, కొండ ఎక్కడానికి సిద్ధమయ్యేవారు మరొక కేంద్రాన్ని పోషిస్తున్నారు. 1945లో హారిస్, ఉల్‌మన్ ప్రతిపాదించిన బహుకేంద్రక నమూనా ఇక్కడ మీకు ఉపయోగపడుతుంది. తేలిన పరికల్పన ఎంత విలువైనదో, కారణంతో సహా తేలిపోయిన పరికల్పనా అంతే విలువైనది.

లెక్కకు అందనివారు : గోడ, షట్టరు ఉన్న దుకాణాలనే లెక్కపెడితే పట్టణ వ్యాపారంలో పెద్ద భాగం జారిపోతుంది. పూలమ్మేవారు, తోపుడు బండ్లవారు, తట్టలో దువ్వెనలు, తాళ్ళు పెట్టుకొని తిరిగేవారు, ఆటో నడిపేవారు యాత్రికుల డబ్బు మొదట చేరే చేతులలో ఉన్నారు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం వీధి వ్యాపారుల సర్వే జరిపి, వారికి స్థలాలు గుర్తించాలి. మీ పటంలో వారికి ఒక ప్రత్యేక గుర్తు కేటాయించండి. వారు ఉదయం ఒకచోట, సాయంత్రం మరొకచోట ఉంటారు కనుక కనీసం రెండు వేళల లెక్క తీసుకోవాలి.

12.6 కేంద్ర వ్యాపార మండలాన్ని గుర్తించడం

పట్టణంలో వ్యాపారం అత్యధికంగా కేంద్రీకృతమైన భాగం కేంద్ర వ్యాపార మండలం. దాని సరిహద్దును గుర్తించడానికి మర్ఫీ, వాన్స్ 1954లో రెండు సూచికలను ప్రతిపాదించారు.

ఎత్తు సూచిక = కేంద్ర వ్యాపారానికి వాడే మొత్తం అంతస్తుల వైశాల్యం ÷ నేల అంతస్తు వైశాల్యం

తీవ్రత సూచిక = (కేంద్ర వ్యాపారానికి వాడే మొత్తం అంతస్తుల వైశాల్యం ÷ అన్ని అంతస్తుల మొత్తం వైశాల్యం) × 100

ఎత్తు సూచిక 1 గాని అంతకు మించి గాని, తీవ్రత సూచిక 50 శాతం గాని అంతకు మించి గాని ఉన్న బ్లాకులు, పరస్పరం ఆనుకొని ఉన్నప్పుడు, కేంద్ర వ్యాపార మండలంలో చేరతాయి.

ఉదాహరణకు నాలుగు అంతస్తుల భవనంలో ఒక్కొక్క అంతస్తు 200 చదరపు మీటర్లనుకోండి. కింది రెండు అంతస్తులలో దుకాణాలు, పై రెండింటిలో కుటుంబాలు ఉన్నాయి. ఎత్తు సూచిక 400 ÷ 200 = 2. తీవ్రత సూచిక (400 ÷ 800) × 100 = 50 శాతం. రెండు షరతులూ నెరవేరాయి. ఇలా ఒక బ్లాకులోని భవనాలన్నింటి వైశాల్యాలను కలిపి ఆ బ్లాకు సూచికలను లెక్కించాలి. భవనాలు కొలవడం సాధ్యం కానప్పుడు అడుగులతో ముఖభాగం కొలిచి, అంతస్తులు లెక్కపెట్టి అంచనా వేయవచ్చు. అది అంచనా అని నివేదికలో చెప్పాలి.

ఈ పద్ధతి అమెరికా నగరాల కోసం రూపొందింది. అందులో శాశ్వత నివాసాలు, ప్రభుత్వ కార్యాలయాలు, విద్యా సంస్థలు, ధార్మిక సంస్థలు, టోకు వ్యాపారం, ఖాళీ భవనాలు కేంద్ర వ్యాపార వినియోగాలు కావు. తిరుపతి వంటి పట్టణంలో దీనిని యథాతథంగా వాడితే ఒక ఇబ్బంది వస్తుంది. లాడ్జీ వ్యాపారం కిందికి వస్తుంది. దాని పక్కనే ఉన్న మఠమో, కులసత్రమో ధార్మిక సంస్థ అవుతుంది. రెండింటిలోనూ దిగేవారు యాత్రికులే. ఆలయం ఉన్న బ్లాకు పట్టణ వ్యాపారానికి మూలమైనా సూచికలో వెనకబడిపోతుంది. కాబట్టి సత్రాలను చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి సూచికలను లెక్కించి, సరిహద్దు ఎంత మారుతుందో చూపండి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
> 1. మూడు అంతస్తుల భవనంలో ప్రతి అంతస్తు 150 చ.మీ. నేల అంతస్తులో మాత్రమే దుకాణాలున్నాయి. రెండు సూచికలను లెక్కించండి.
> 2. వీధి వ్యాపారులను కనీసం రెండు వేళలలో ఎందుకు లెక్కించాలి?

12.7 పాదచారుల లెక్క, ప్రశ్నావళి

పాదచారుల లెక్క : వీధిలో ఒక గీతను ఊహించుకొని, 10 నిమిషాలలో దానిని దాటినవారిని లెక్కపెట్టి 6తో హెచ్చిస్తే గంటకు అంచనా వస్తుంది. ఒక్క వేళ లెక్కతో వీధి స్వభావం తెలియదు. తెల్లవారుజామున బస్సులు, రైళ్ళు దిగేవారు. ఉదయం తొమ్మిదికి కార్యాలయాలకు, కళాశాలలకు వెళ్ళేవారు. సాయంత్రం బజారుకు వచ్చేవారు వేరు వేరు సమూహాలు. కనీసం మూడు వేళలు, ఒక పనిదినం, ఒక సెలవుదినం తీసుకోవాలి.

నమూనా : ఎదురుపడినవారిలో స్నేహంగా కనిపించినవారినే అడగడం సహజం. దానివల్ల నమూనా ఒకవైపు మొగ్గుతుంది. ప్రతి పదవ వ్యక్తిని అడగాలన్న నియమం పెట్టుకుంటే ఈ దోషం తగ్గుతుంది. దీనినే క్రమబద్ధ నమూనా అంటారు.

తిరుపతిలో మరొక దోషం కూడా ఉంది. యాత్రికులు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తదితర రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. తెలుగులో మాత్రమే ప్రశ్నిస్తే తెలుగువారి అభిప్రాయాలే యాత్రికుల అభిప్రాయాలుగా నమోదవుతాయి. తమిళం, కన్నడం, హిందీ తెలిసిన మిత్రుని సహాయం తీసుకోండి. అది సాధ్యం కాకపోతే, మీ నమూనా తెలుగు యాత్రికులకే పరిమితమని స్పష్టంగా వ్రాయండి.

ప్రశ్నలు : యాత్రికులకు ఐదారు ప్రశ్నలు చాలు. వారు దర్శనానికో, బండికో తొందరలో ఉంటారు.

1. మీరు ఏ జిల్లా నుంచి వచ్చారు?
2. ఏ వాహనంలో వచ్చారు?
3. తిరుపతిలో (కొండపైన కాదు) ఎన్ని గంటలు గడుపుతున్నారు?
4. ఇక్కడ ఏమైనా కొన్నారా? ఏవి?
5. తిరుచానూరు, కపిలతీర్థం, చంద్రగిరి, శ్రీకాళహస్తిలలో వేటికి వెళ్ళారు?

‘తిరుపతి చాలా శుభ్రంగా ఉంది కదా?’ వంటి ప్రశ్న అడగరాదు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ‘ఇక్కడ మీకు ఇబ్బంది కలిగించినది ఏదైనా ఉందా?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని వారి మాటల్లోనే వ్రాసుకోవాలి. జవాబు చెప్పడానికి నిరాకరించినవారి సంఖ్యను కూడా నమోదు చేయాలి.

12.8 పర్యాటక ప్రభావాలను అంచనా వేయడం

పర్యాటక ప్రభావాలను సాధారణంగా ఆర్థిక, సామాజిక, పర్యావరణ ప్రభావాలుగా విభజిస్తారు. ప్రతి దాని కింద లాభాలు, నష్టాలు అని రెండు జాబితాలు వ్రాసి విద్యార్థులు ఊరుకుంటారు. జాబితాతో పని పూర్తి కాదు. లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్న ప్రశ్నను ప్రతి అంశానికీ వేయాలి.

(అ) ఆర్థిక ప్రభావం : యాత్రికుడు ఖర్చు చేసిన డబ్బు ఊళ్ళో ఉంటుందా, బయటికి పోతుందా? దుకాణదారుని ‘ఈ సరుకు ఎక్కడి నుంచి తెస్తారు?’ అని అడిగితే ఇది తెలుస్తుంది. తిరుపతి జిల్లాలోనే మాధవమాల గ్రామంలో కొయ్య శిల్పాలు చెక్కేవారు ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలంతో వస్త్రంపై చిత్రించే కలంకారీ కళాకారులు ఉన్నారు. ఒక దుకాణంలో వీరి వస్తువులు అమ్ముడైతే యాత్రికుని డబ్బు జిల్లాలోని కుటుంబాలకు చేరుతుంది. దూరప్రాంతాలలో యంత్రాలపై తయారైన బొమ్మలు అమ్ముడైతే దుకాణదారుని లాభం, పనివాని జీతం, అద్దె మాత్రమే ఊళ్ళో మిగులుతాయి. ఇలా డబ్బు బయటికి పోవడాన్ని ఆర్థిక స్రావం అంటారు. ఇరవై దుకాణాలలో ఈ ఒక్క ప్రశ్న అడిగినా విలువైన దత్తాంశం లభిస్తుంది.

పర్యాటక స్థాయిని కొలవడానికి డెఫెర్ట్ సూచికను వాడతారు. ఇది సందర్శకులకు అందుబాటులో ఉన్న పడకల సంఖ్యను స్థానిక జనాభాతో భాగించి 100తో హెచ్చించగా వచ్చేది. 50,000 జనాభా ఉన్న పట్టణంలో 5,000 పడకలుంటే సూచిక 10. అయితే మన యాత్రాస్థలాలలో ఎందరో సత్రాల హాళ్ళలో చాపలపై పడుకుంటారు, స్టేషను ప్లాట్‌ఫారంపై తెల్లవారుస్తారు. పడకల లెక్కలో వీరు కనిపించరు. పేద యాత్రికుల పట్టణాన్ని ఈ సూచిక తక్కువగా చూపుతుందని గుర్తుంచుకోవాలి.

(ఆ) సామాజిక ప్రభావం : సందర్శకుల పట్ల స్థానికుల వైఖరి ఉత్సాహం, ఉదాసీనత, విసుగు, వ్యతిరేకత అనే నాలుగు దశలలో మారుతుందని డాక్సీ 1975లో సూచించాడు. పట్టణమంతా ఒకేసారి ఒక దశ నుంచి మరొక దశకు పోతుందని దీని అర్థం కాదు. రద్దీ పెరిగితే లాడ్జీ యజమానికి ఆనందం. అదే వీధిలో అద్దెకుంటున్న గుమస్తా కుటుంబానికి పెరిగిన అద్దె, పిల్లల బడి బస్సు ఆలస్యం. కాబట్టి అభిప్రాయం అడిగేటప్పుడు వృత్తి, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఎన్నేళ్ళుగా నివసిస్తున్నారు అన్న వివరాలు తీసుకొని, జవాబులను ఆ వర్గాల వారీగా విడదీసి చూపాలి.

యాత్రికుల పట్టణంలో పట్టణవాసులకు తమదైన జీవితం ఉంటుందన్నది మరువరాదు. తిరుపతిలో ఏటా జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇందుకు మంచి ఉదాహరణ. వేషాలు వేసుకొని అమ్మవారికి మొక్కులు చెల్లించే ఈ జాతర ప్రధానంగా స్థానికుల పండుగ. జాతర రోజుల్లోనూ, బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ ఒకే వీధిలో పాదచారుల లెక్క తీసి, ఏ దుకాణాల ముందు జనం ఆగుతున్నారో పోల్చి చూస్తే ఒకే వీధి రెండు పట్టణాలకు ఎలా పనికివస్తుందో అర్థమవుతుంది.

(ఇ) పర్యావరణ ప్రభావం : నీరు, చెత్త, రద్దీ – ఈ మూడూ క్షేత్రంలో పరిశీలించదగినవి. తిరుపతికి కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ పథకం నుంచి నీరు వస్తుంది. యాత్రికులకు, నివాసులకు నీరు ఒకటే. వేసవి సెలవుల్లో యాత్రికుల రద్దీ, నీటి కొరత ఒకేసారి వస్తాయి. లాడ్జీలున్న వీధికి, సాధారణ నివాస వీధికి నీరు ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు వస్తుందో అడిగి పోల్చండి. ట్యాంకర్లు ఏ వీధుల్లోకి వస్తున్నాయో గమనించండి. కొండల వైపు చూస్తే, శేషాచలం ప్రాంతం 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటితమైంది. ఎర్రచందనం సహజంగా పెరిగే అరుదైన అడవులు ఇవి. తిరుమలలో ప్లాస్టిక్ నీటి సీసాలను నిషేధించారు. అలిపిరి పరిసరాలలో ఒకే నిడివి గల రెండు చోట్ల చెత్తను రకాలవారీగా లెక్కపెట్టి, కొండ కింద పరిస్థితి ఎలా ఉందో చూడవచ్చు.

(ఈ) కాలక్రమంలో మార్పు : పర్యాటక కేంద్రాలు అన్వేషణ, భాగస్వామ్యం, అభివృద్ధి, స్థిరీకరణ, స్తబ్ధత అనే దశలు దాటి, ఆపై క్షీణిస్తాయి లేదా పునరుజ్జీవం పొందుతాయని బట్లర్ 1980లో ఒక నమూనా ఇచ్చాడు. సముద్రతీర విహార కేంద్రాలకు ఇది బాగా సరిపోతుంది. శతాబ్దాలుగా యాత్రికులు వస్తున్న ఊరికి ఇది ఎంతవరకు సరిపోతుంది? అక్కడికి జనం కొత్తదనం కోసం కాక మొక్కు తీర్చుకోవడానికి వస్తారు. తాత వచ్చిన చోటికే మనుమడూ వస్తాడు. ఇక్కడ మార్పు తెచ్చినవి ఘాట్ రోడ్లు, రైళ్ళు, విమానాల వంటి రవాణా సౌకర్యాలు. నమూనాను మీ ఊరికి అన్వయించేటప్పుడు సరిపోయిన భాగాన్ని, సరిపోని భాగాన్ని రెండింటినీ వ్రాయాలి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
> 1. ఆర్థిక స్రావం అంటే ఏమిటి?
> 2. డెఫెర్ట్ సూచిక యాత్రాస్థలాలను ఎందుకు తక్కువగా చూపవచ్చు?

12.9 నివేదిక రచన

నివేదికలో ప్రశ్న, అధ్యయన ప్రాంతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ, పరిమితులు, ముగింపు అనే భాగాలు వరుసగా ఉండాలి. మీరు గీసిన పటం, నింపిన పట్టికలు జతపరచాలి. పటానికి శీర్షిక, ఉత్తర దిక్కు, స్కేలు, సంకేతాల వివరణ ఉండాలి.

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పుకోవాలి. సమయం చాలక ఇంట్లో కూర్చొని పట్టికలు నింపేవారు ఉంటారు. అటువంటి పట్టికను గుర్తించడం కష్టం కాదు. అంకెలన్నీ ఐదుతోనో, పదితోనో ముగుస్తాయి. జవాబు చెప్పనివారు ఒక్కరూ ఉండరు. వాన పడదు, దుకాణం మూసి ఉండదు, పరికల్పన ఎన్నడూ వీగిపోదు. నిజమైన క్షేత్ర పుస్తకంలో కొట్టివేతలు ఉంటాయి, ‘మధ్యాహ్నం మూసి ఉంది, సాయంత్రం మళ్ళీ చూడాలి’ వంటి గమనికలు ఉంటాయి. వంద దుకాణాల కల్పిత లెక్క కన్నా ఇరవై దుకాణాల నిజమైన లెక్క మేలు. మార్కుల మాట అలా ఉంచినా, ఇందులో మరొక బాధ్యత ఉంది. వీధి విస్తరణ, వీధి వ్యాపారుల తరలింపు, నీటి పంపిణీ వంటి నిర్ణయాలు ఇటువంటి లెక్కల మీదే ఆధారపడతాయి. లెక్కలో లేని పూలమ్మకు కొత్త పటంలో చోటు దొరకదు.

12.10 సారాంశం

క్షేత్ర అధ్యయనం కొలవదగిన ప్రశ్నతో మొదలవుతుంది. దుకాణాలను అవి ఎవరి అవసరాలు తీరుస్తున్నాయన్న దానిని బట్టి వర్గీకరిస్తే పట్టణ విధులు తెలుస్తాయి. మర్ఫీ, వాన్స్ సూచికలు కేంద్ర వ్యాపార మండలం సరిహద్దును చూపుతాయి. సత్రాలు, ఆలయాలు ఉన్న పట్టణంలో వాటిని ఆలోచించి వాడాలి. పాదచారుల లెక్కకు పలు వేళలు, ప్రశ్నావళికి సరైన నమూనా అవసరం. పర్యాటక ప్రభావాలను లాభనష్టాల జాబితాగా కాక, అవి పట్టణంలోని ఏ వర్గానికి ఎలా చేరుతున్నాయన్న దృష్టితో పరిశీలించాలి. ఊహకు విరుద్ధంగా వచ్చిన ఫలితాన్ని దాచరాదు. దానికి కారణం వెతకాలి.

12.11 ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – జవాబులు

1. (1) పరిశీలనలో నిజమని గాని, కాదని గాని తేలగల వాక్యం. (2) ఆ స్కేలులో విడి దుకాణాలు కనిపించవు.

2. (1) ఎత్తు సూచిక 150 ÷ 150 = 1; తీవ్రత సూచిక (150 ÷ 450) × 100 = 33.3 శాతం. రెండవ షరతు నెరవేరలేదు. (2) వారి స్థానాలు, సంఖ్య వేళను బట్టి మారతాయి.

3. (1) సందర్శకులు ఖర్చు చేసిన డబ్బు స్థానికంగా నిలవక బయటి ప్రాంతాలకు పోవడం. (2) పడకలు లేని హాళ్ళలో, ప్లాట్‌ఫారాలపై రాత్రి గడిపే యాత్రికులు లెక్కకు రారు.

12.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. యాత్రాస్థలమైన పట్టణంలో దుకాణాల సర్వే నిర్వహించే విధానాన్ని వివరించండి.
2. పర్యాటక ప్రభావాలు పట్టణంలోని వివిధ వర్గాలకు ఎలా వేరుగా ఉంటాయో ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మర్ఫీ, వాన్స్ సూచికలు
2. క్రమబద్ధ నమూనా
3. బట్లర్ నమూనా – భారతీయ యాత్రాస్థలాలకు అన్వయం

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్ళో గాని, సమీప పట్టణంలో గాని 20 దుకాణాలకు తగ్గని ఒక వీధిని ఎంచుకోండి. ఒక పరికల్పన వ్రాసి, చిత్తు పటం గీసి, రెండు వేళలలో దుకాణాలను, వీధి వ్యాపారులను లెక్కించండి. మీ పరికల్పన నిలిచిందా, వీగిందా, ఎందుకు అన్నది రెండు పుటలలో వ్రాసి అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌తో చర్చించండి.